"ఈ జాయింట్‌ని అడ్డంగా ఎవరు పట్టుకున్నారమ్మా?": స్ట్రాంగ్ గారి లీనియర్ ఆల్జీబ్రా పాఠాల మీద నా రివ్యూ

మా తమ్ముడి కొడుకు సివిల్ రెండో సంవత్సరం. ఎమ్-1, అంటే మొదటి సంవత్సరం లెక్కల పేపరు, మిగిలిపోయింది. సప్లీ రాశాడు, అదీ పోయింది. "అక్కా, కూకట్‌పల్లిలో సప్లీ బ్యాచ్ ఏదో ఉందట, నెల్లాళ్లలో గట్టెక్కిస్తారట, చేర్పించమంటావా?" అని తమ్ముడు ఫోన్ చేశాడు. నేను హైదరాబాద్‌లో స్ట్రక్చరల్ డిజైన్ చేస్తాను. ఫ్యాక్టరీ షెడ్లు, పైప్ ర్యాకులు, కన్వేయర్ గ్యాలరీలు. "డబ్బు కట్టేముందు వాణ్ణి నాలుగు ఆదివారాలు నా దగ్గరికి పంపించు" అన్నాను. నాలుగు కాస్తా పదకొండయ్యాయి. ఆ పదకొండు ఆదివారాలూ మేమిద్దరం కూర్చుని చూసినవి గిల్బర్ట్ స్ట్రాంగ్ చెప్పిన లీనియర్ ఆల్జీబ్రా పాఠాలు. నేను చూడటం ఇది మూడోసారి.

ఇంజనీరింగ్ పిల్లలకు లెక్కలు ఎవరు చెప్పాలి, లెక్కల మాస్టారా, ఇంజనీరా అన్న వాదన మా ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర తరచూ వస్తుంది. నేను ప్రతిసారీ ఈ వీడియోల పేరే చెప్తాను. ఎందుకో ఈసారి కాగితం మీద పెడదామనిపించింది.

ముందు వివరాలు. ఇది అమెరికాలోని ఎంఐటీలో 18.06 అనే కోర్సు. అక్కడ సబ్జెక్టులకు నంబర్లే పేర్లు, 18 అంటే మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్. 1999లో మామూలు క్లాసు జరుగుతుండగా కెమెరా పెట్టి తీసిన వీడియోలివి. ఎంఐటీ తన పాఠాలన్నీ లోకానికి ఉచితంగా పెడతామని 2001లో ప్రకటించింది, ఆ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో బాగా పేరొచ్చినవాటిలో ఇదొకటి. పాఠాలకు 34 దాకా నంబర్లున్నాయి, మధ్యలో పరీక్షకు ముందు రివిజన్ క్లాసులు కూడా కలిసే ఉంటాయి. ఒక్కోటి సుమారు నలభై నుంచి యాభై నిమిషాలు. లాగిన్ లేదు, రూపాయి ఖర్చు లేదు. యూట్యూబ్‌లోనూ ఉన్నాయి. సైట్‌లోకి వెళ్తే హోంవర్క్ లెక్కలు, పాత పరీక్ష పేపర్లు, వాటి సాల్యూషన్లు దొరుకుతాయి. స్ట్రాంగ్ గారు 1962 నుంచి ఎంఐటీలో పాఠాలు చెప్పి, 2023 మేలో, 88 ఏళ్ల వయసులో ఆఖరి క్లాసు తీసుకున్నారు.

నేను ఎమ్-1 చదివింది 2001లో. అప్పుడు జేఎన్‌టీయూలో మొదటి సంవత్సరం మొత్తానికి ఒకటే పరీక్ష. ఎక్స్‌టర్నల్ 80 మార్కులు, ఎనిమిది ప్రశ్నల్లో అయిదు రాయాలి, ఒక్కోటీ 16. మా సార్ మంచి మనిషి, లెక్కల్లో దిట్ట. బోర్డు ఎడమ పక్క మొదలుపెడితే కుడి పక్క చివరిదాకా చేతిలో కాగితం లేకుండా ఎక్కించేవారు. మ్యాట్రిక్స్ ర్యాంక్ అంటే ఏమిటో డిక్టేట్ చేశారు. ఆర్ ఆర్డర్ మైనర్లలో ఒక్కటైనా సున్నా కాకూడదు, అంతకన్నా పెద్ద ఆర్డర్ మైనర్లన్నీ సున్నా కావాలి. ఎచెలాన్ ఫామ్‌లోకి తెచ్చి, సున్నా కాని వరసలు లెక్కపెట్టి ర్యాంక్ చెప్పడం నాకు బాగా వచ్చేసింది. ఆ పేపర్లో 71 తెచ్చుకున్నాను. ర్యాంక్ తగ్గితే లోకంలో ఏం జరుగుతుందో మాత్రం నాకు తెలీదు. ఒకసారి లేచి అడిగాను. "అది మీ బ్రాంచి సబ్జెక్టుల్లో వస్తుందమ్మా" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. కానీ ఏ సబ్జెక్టులో, ఏ రూపంలో వస్తుందో ఆయన్ని ఎవరూ పిలిచి చూపించలేదు. మా కాలేజీలో లెక్కలవాళ్లు, ఇంగ్లిష్‌వాళ్లు, ఫిజిక్స్‌వాళ్లు కలిపి హెచ్ అండ్ ఎస్ (హ్యుమానిటీస్ అండ్ సైన్సెస్) అని వేరే బ్లాకులో కూర్చునేవారు. మా స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ ల్యాబ్ గ్రౌండుకి అవతలివైపు. నాలుగేళ్లలో ఆయన ఒక్కసారి కూడా అటువైపు రావడం నేను చూడలేదు. రమ్మన్నవాళ్లూ లేరు.

ఇక ఇంజనీరు చెప్తే ఎలా ఉంటుందో ఉద్యోగంలో చేరాక తెలిసింది. 2006, ఒక చిన్న డిజైన్ ఆఫీసు. నాకిచ్చింది ఒక షెడ్డు. పొడుగు దిక్కున స్తంభాలకూ దూలాలకూ మధ్య అన్నీ పిన్ జాయింట్లే, అంటే తలుపు బందులా తిరిగేవే, కింద బేస్ కూడా పిన్నే. అలాంటి వరసని అటూ ఇటూ ఊగకుండా పట్టేది ఒక్క బ్రేసింగే, అంటే స్తంభాల మధ్య ఐమూలగా వేసే కడ్డీలే. ఒక వరసలో బ్రేసింగ్ ఇవ్వడం మర్చిపోయాను. రన్ చేస్తే ఫలానా జాయింట్ దగ్గర అస్థిరంగా ఉందని సాఫ్ట్‌వేర్ హెచ్చరించింది. సీనియర్‌ని అడిగాను. ఆయన పనిలో చెయ్యి తిరిగినవాడు, నాకు చాలా నేర్పినవాడు. "అది వస్తూనే ఉంటుంది. ఆ జాయింట్‌కి అడ్డంగా ఒక సపోర్ట్ తగిలించు, పోతుంది" అన్నాడు. తగిలించాను. పోయింది. డిఫ్లెక్షన్లు, అంటే ఎక్కడ ఎంత జరుగుతుందన్న అంకెలు, ముచ్చటగా వచ్చాయి. మా డిజైన్‌ని ఇంకొకరు సరిచూడటానికి, అంటే ప్రూఫ్ చెకింగ్‌కి, డ్రాయింగులు వెళ్లాయి.

వారం తర్వాత ప్రూఫ్ చెక్ చేసిన పెద్దాయన పిలిచారు. మోడల్లో ఆ జాయింట్ మీద పెన్సిల్ మొన పెట్టి, "ఈ జాయింట్‌ని అడ్డంగా ఎవరు పట్టుకున్నారమ్మా?" అని అడిగారు. చుట్టూ గోడ లేదు, పక్కన బిల్డింగ్ లేదు. నేల మీంచి తొమ్మిది మీటర్ల ఎత్తున గాలిలో ఉన్న జాయింట్. కంప్యూటర్లో తప్ప దాన్ని ఎవరూ పట్టుకోలేదు. నాకు చేతులు చల్లబడ్డాయి. డ్రాయింగు ఇంకా ఫ్యాబ్రికేషన్‌కి పోలేదు కాబట్టి సరిపోయింది.

సీనియర్ నాకు చెప్పింది కిటుకు. ఆ కిటుకు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ మనిషి ప్రాణం మీదికి తెస్తుందో చెప్పలేదు. ఆయనకీ ఎవరూ చెప్పి ఉండరు. అందుకే లంచ్ టేబుల్ దగ్గర "ఇంజనీరింగ్ పిల్లలకు ఇంజనీరే లెక్కలు చెప్పాలి, వాడకం తెలిసినవాడే చెప్పగలడు" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాడకం తెలిసినవాడికి పనిచేసిన సందర్భాలు తెలుసు. పనిచేయని సందర్భం ఎలా ఉంటుందో ముందుగా చెప్పగలిగింది లెక్కల మనిషే. కాకపోతే ఆ మనిషి గ్రౌండు దాటి మన ల్యాబుకి వచ్చి ఉండాలి.

స్ట్రాంగ్ గారు అలా దాటి వచ్చిన మనిషి. కట్టడాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడదీసి లెక్కకట్టే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిని ముందు పట్టుకున్నది ఇంజనీర్లు. 1956లో విమానాల రెక్కల గట్టిదనం లెక్కకట్టడానికి టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ రాసిన పేపరుతో అది ఒక దారిన పడింది, 1960లో క్లఫ్ దానికి ఆ పేరు పెట్టాడు. జవాబులు సరిగ్గానే వస్తున్నాయి, ఎందుకు వస్తున్నాయో గట్టిగా చెప్పేవాళ్లు మాత్రం అప్పటికి తక్కువ. స్ట్రాంగ్ గారు జార్జ్ ఫిక్స్‌తో కలిసి ఆ పద్ధతికి గణితపు పునాది వివరిస్తూ 1973లో పుస్తకం తెచ్చారు. అంటే ఈయన మనం రోజూ వాడే సరుకు లోపల చెయ్యి పెట్టి చూసిన గణితవేత్త. ఆ సంగతి ఆయన పాఠంలో ఎక్కడా గొప్పగా చెప్పుకోరు. ఎంచుకునే ఉదాహరణల్లో తెలిసిపోతుంది.

మొదటి పాఠమే చూడండి. బోర్డు మీద రెండు సమీకరణాలు: రెండు ఎక్స్ మైనస్ వై సున్నా, మైనస్ ఎక్స్ ప్లస్ రెండు వై మూడు. ఇంటర్ పిల్లలు అర నిమిషంలో చేసేస్తారు, ఎక్స్ ఒకటి, వై రెండు. మా వాడు కూడా అదే అన్నాడు. "అత్తా, ఈ తాత మరీ నెమ్మదిగా చెప్తున్నాడు, స్పీడు పెంచనా?" వద్దన్నాను. ఆయన ముందు రెండు గీతలు గీసి, అవి కలిసే చోటు చూపిస్తారు. అది మనకు తెలిసిందే. తర్వాత అదే లెక్కని నిలువు వరసలుగా చూడమంటారు. మొదటి నిలువు వరస ఒక బాణం, రెండోది ఇంకో బాణం. మొదటిది ఒకటి, రెండోది రెండు కలిపితే కుడివైపున్న సున్నా, మూడు అన్న బాణం వస్తుందా? వస్తుంది. అప్పుడు అడుగుతారు: ఈ రెండు బాణాలూ కలిపి ప్లేన్‌లో ఏ చోటికైనా చేరగలమా? కోర్సు మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూ నడుస్తుంది.

అక్కడ వీడియో ఆపి, మా వాడికి ఒక బొమ్మ గీసి చూపించాను. ఎడమ గోడ, స్ప్రింగు, దిమ్మె, స్ప్రింగు, దిమ్మె, స్ప్రింగు, కుడి గోడ. మూడు స్ప్రింగుల గట్టిదనమూ ఒకటే అనుకో. రెండో దిమ్మెని మూడు యూనిట్ల బలంతో కుడివైపు లాగు. ఎంత జరిగితే ఎంత బలమో చెప్పే స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్ రాయి. వాడు రాశాడు: రెండు, మైనస్ ఒకటి, మైనస్ ఒకటి, రెండు. ఒక్క క్షణం స్క్రీన్ వైపు చూశాడు, మళ్లీ తన కాగితం చూశాడు. "అత్తా, ఇదే అది!" అవును, అదే. మొదటి దిమ్మె ఒకటి జరుగుతుంది, రెండోది రెండు జరుగుతుంది. మొదటి స్ప్రింగు ఒకటి సాగింది, మధ్యది ఒకటి సాగింది, చివరిది రెండు నొక్కుకుంది. రెండో దిమ్మె దగ్గర ఒకటీ రెండూ మూడు, మనం లాగినంత. స్ట్రాంగ్ గారు ఆ పాఠంలో స్ప్రింగు మాటే ఎత్తరు. కానీ ఆ అంకెలు ఊరికే వచ్చినవని నేననుకోను.

అప్పుడు రెండు గోడలూ తీసేయమన్నాను. మ్యాట్రిక్స్ ఒకటి, మైనస్ ఒకటి, మైనస్ ఒకటి, ఒకటి అయింది. రెండు నిలువు వరసలూ ఒకే గీత మీద పడ్డాయి. ర్యాంక్ ఒకటే. రెండు దిమ్మెలనీ ఒకేసారి ఒకడుగు పక్కకి జరుపు, స్ప్రింగు సాగదు, బలం సున్నా. ఇప్పుడు మూడు యూనిట్లతో లాగితే ఎంత జరుగుతాయి? జవాబు లేదు, పోతూనే ఉంటాయి. "ర్యాంక్ తగ్గడమంటే ఇది నాన్నా" అన్నాను. 2001లో నేను అడిగిన ప్రశ్నకి జవాబు నా నోటితో నేనే చెప్పుకున్నాను.

ఈ కోర్సులో నాకు ప్రాణమైన పాఠం 12వది. కరెంటు వెళ్లే చిన్న నెట్‌వర్క్, నాలుగు నోడ్‌లు, అయిదు తీగలు. ఒక్కో తీగకి ఒక వరస, బయల్దేరే నోడ్ దగ్గర మైనస్ ఒకటి, చేరే నోడ్ దగ్గర ప్లస్ ఒకటి. ఆ మ్యాట్రిక్స్‌ని నోడ్‌ల పొటెన్షియల్స్‌తో, అంటే వోల్టేజీలతో, గుణిస్తే తీగల చివర్ల మధ్య తేడాలొస్తాయి. అన్ని నోడ్‌ల పొటెన్షియల్ ఒకేలా పెంచితే తేడాలన్నీ సున్నా. అదే నల్‌స్పేస్. అందుకని ఆయన ఒక నోడ్‌ని గ్రౌండ్ చేస్తారు. నేను మొదటిసారి ఈ పాఠం చూసింది 2009లో, రాత్రి పదకొండింటికి, అద్దె గదిలో. ఆ గ్రౌండ్ గుర్తు గీయగానే నాకు ఆ పెద్దాయన పెన్సిల్ కనిపించింది. నోడ్‌ని గ్రౌండ్ చేయడమూ జాయింట్‌ని పట్టుకోవడమూ ఒకే పని. కాకపోతే గ్రౌండ్ అనేది నిజంగా భూమిలోకి దిగి ఉండాలి. నేను 2006లో గాలికి గ్రౌండ్ చేశాను.

అదే మ్యాట్రిక్స్‌ని ట్రాన్స్‌పోజ్ చేసి, అంటే అడ్డ వరసల్ని నిలువు వరసలుగా మార్చి, తీగల్లోని కరెంట్లతో గుణించి సున్నాతో సమానం చేస్తే కిర్కాఫ్ కరెంట్ లా వస్తుంది. ప్రతి నోడ్ దగ్గరా వచ్చిందీ పోయిందీ సమానం. సివిల్ వాళ్లకి అది జాయింట్ ఈక్విలిబ్రియమ్. మధ్యలో తీగల గుణం, ఓమ్ లా, వచ్చి చేరుతుంది. మొదటి మ్యాట్రిక్స్ ఏ, తీగల గుణం సీ అనుకుంటే, మూడూ కలిపితే ఏ ట్రాన్స్‌పోజ్, సీ, ఏ. మేం నాలుగో సంవత్సరంలో స్టిఫ్‌నెస్ మెథడ్ అని నెలన్నర చదివింది అక్కడ బోర్డు మీద ఒక్క వరసలో ఉంది. ఎలక్ట్రికల్ పిల్లలకి అందులో సర్క్యూట్ కనిపిస్తుంది, మాకు ట్రస్, అంటే కడ్డీలు కలిపి కట్టిన చట్రం, కనిపిస్తుంది. ఈ పని సర్క్యూట్లు చెప్పే లెక్చరర్ చేయలేడు, ఆయనకి ట్రస్ అక్కర్లేదు. నాకు సర్క్యూట్ అక్కర్లేదు. రెండింటి కిందా ఉన్న ఒకే అస్థిపంజరాన్ని చూపించాలంటే లెక్కల మనిషే కావాలి.

ఇంకో చోటు చెప్పాలి. 29వ పాఠం, సింగులర్ వాల్యూ డీకంపోజిషన్. నాలుగు, నాలుగు, మైనస్ మూడు, మూడు ఉన్న మ్యాట్రిక్స్ తీసుకుని మూడు ముక్కలుగా విడదీస్తారు. చివర్లో సరిచూద్దామని ముక్కలు మళ్లీ గుణిస్తే కింది వరసలో గుర్తులు తలకిందులుగా వచ్చాయి. ఎక్కడో తప్పిందని ఆయన అందరి ముందే ఒప్పుకుంటారు. ఆ వీడియోని అలాగే ఉంచేశారు. తప్పు ఎక్కడంటే, రెండు వైపుల ఐగెన్‌వెక్టర్లనీ (మ్యాట్రిక్స్‌తో గుణించినా తమ గీత మీదే ఉండే బాణాలనీ) వేర్వేరుగా కనుక్కున్నారు. ఐగెన్‌వెక్టర్‌కి ప్లస్ పెట్టినా మైనస్ పెట్టినా చెల్లుతుంది, కానీ ఒక పక్క ఏ గుర్తు తీసుకున్నామో దాన్నిబట్టి రెండో పక్క గుర్తు స్థిరపడుతుంది. వేర్వేరుగా తీసుకుంటే పొసగదు. నేను భూకంపం లెక్కల్లో మోడ్ షేపులు, అంటే బిల్డింగ్ ఊగే తీరులు, చూస్తాను. అవీ ఐగెన్‌వెక్టర్లే. ఒక రన్‌లో బిల్డింగ్ కుడికి వంగినట్టు, ఇంకో రన్‌లో ఎడమకి వంగినట్టు వస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు కంగారు పడతారు. వాళ్లకి ఈ పాఠంలో ఆ భాగం చూడమని చెప్తాను.

లోటుపాట్లు కూడా చెప్పాలి, లేకపోతే డబ్బు కాకపోయినా మీ ఆదివారాలు పోతాయి.

ఎమ్-1 పేపరుకి ఇది సరిపోదు. మన పేపర్లో సగం క్యాలిక్యులస్, అది ఇందులో లేదు. వరస కూడా వేరు. మనవాళ్లు ఇంటర్ నుంచే డిటర్మినెంట్‌తో మొదలుపెడతారు, ఈయన 18వ పాఠం దాకా దాని జోలికి పోరు. మా వాడు మొదట్లో ప్రతి లెక్కకీ డిటర్మినెంట్ వేసేవాడు. ఆ అలవాటు మాన్పించడానికి మూడు వారాలు పట్టింది. పరీక్షలో రాయాల్సిన పద్ధతి కోసం వాడు పాత పేపర్లు పక్కన పెట్టుకుని వేరుగా సాధన చేయక తప్పట్లేదు. ఆదివారం మధ్యాహ్నం పాఠం, సాయంత్రం పాత పేపర్లు, అలా సర్దుకున్నాం.

వీడియో పాతది, బొమ్మ కాస్త మసకగా ఉంటుంది. క్లాసులో పిల్లలడిగే ప్రశ్నలు సరిగ్గా వినపడవు, ఆయన జవాబుని బట్టి ఊహించుకోవాలి. ఇంగ్లిష్ నెమ్మదిగా, చిన్న చిన్న మాటలతో ఉంటుంది. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివిన నాకు రెండో పాఠానికల్లా అలవాటైంది, సబ్‌టైటిల్స్ కూడా పెట్టుకోవచ్చు.

అసలు లోటు ఇంకోటి. ఆయన ఉదాహరణల్లో యూనిట్లు ఉండవు, కొలతలుండవు. నేను స్ప్రింగుల బొమ్మ గీయకపోతే మా వాడు మొదటి పాఠం వేగం పెంచి చూసేసి, ఇదంతా ఇంటర్ సిలబస్సే అని మూసేసేవాడు. అంటే పిల్లాడు ఒంటరిగా చూస్తే సగమే అందుతుంది. పక్కన ఆ బ్రాంచి తెలిసినవాళ్లు, అక్కో బాబాయో పై క్లాసు స్నేహితుడో, ఒకరు కూర్చోవాలి. ఎవరూ లేకపోతే 18.06ఎస్‌సీ అని ఇదే కోర్సు ఇంకో రూపంలో ఉంది. అందులో కుర్రవాళ్లైన టీచింగ్ అసిస్టెంట్లు ఒక్కో లెక్క తీసుకుని మొదటినుంచి చివరిదాకా చేసి చూపిస్తారు. అది పక్కన పెట్టుకోండి.

కాలేజీ యాజమాన్యాలు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. ఎమ్-1 చెప్పే లెక్చరర్లకి వారంలో రెండు గంటలు తీరిక ఇచ్చి ల్యాబుల్లోకి పంపండి. సివిల్, ఎలక్ట్రికల్, మెకానికల్, మూడింటికీ. ఒక బీమ్ వంగడం, ఒక మోటార్ తిరగడం, ఇంజిన్ వేగాన్ని అదుపుచేసే ఒక గవర్నర్ ఊగడం చూసి వచ్చిన మనిషి చెప్పే ఐగెన్‌వాల్యూ వేరుగా ఉంటుంది. మా సార్‌కి ఆ రెండు గంటలు దొరికి ఉంటే, ఆయనకున్న లెక్కల పట్టుకి, మేం ఎంత నేర్చుకునేవాళ్లమో అని ఇప్పటికీ బాధేస్తుంది.

రేటింగ్ అంటే, ఇంజనీర్‌గా అయిదుకి అయిదు. సప్లీ రాయాల్సిన పిల్లాడి అత్తగా అయిదుకి మూడున్నర.

వచ్చే ఆదివారం 16వ పాఠం, లీస్ట్ స్క్వేర్స్. ఒకే గీత మీద పడని మూడు బిందువులకి దగ్గరగా ఒక గీత గీయడం. మా వాడిని సర్వేయింగ్ ల్యాబ్ రికార్డు తెచ్చుకోమన్నాను. నేల ఎత్తులు కొలిచే లెవెలింగ్‌ని, మొదలుపెట్టిన బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన చోటు) దగ్గరికే తిరిగొచ్చి మూస్తే 12 మిల్లీమీటర్లు తేడా వచ్చిందట. ఆ తేడాని స్టేషన్లన్నిటికీ సమానంగా పంచేయమని ల్యాబులో చెప్పారట. సమానంగానే ఎందుకు పంచాలి అని వాడు నన్నడిగాడు. ఆదివారం దాకా ఆగమన్నాను.